హంగేరీ దీవెన

ఝపటాపూర్ పేటలో నూకరాజు ఇల్లెక్కడ అని అడిగితే, ఏ నూకరాజు అని ఎదురు అడుగుతారు. అనకాపల్లి, యలమంచిలి వైపు నుంచి వచ్చి బెంగాల్లోని ఖరగ్‌పూర్ రైల్వేలో చేరిన కుటుంబాల్లో ఆ పేరు వీధికొకటి ఉంటుంది. హంగేరీ నూకరాజు అంటే మాత్రం టోటో రిక్షాలు నడిపే బెంగాలీ దాదాలు కూడా తిన్నగా తీసుకెళ్ళి గుమ్మం ముందు దింపుతారు.

ఆ పేరు వచ్చి ముప్పై అయిదేళ్ళయింది. అప్పుడు నూకరాజు వర్క్‌షాపులో ఫిట్టరు, ముప్పై ఏళ్ళవాడు. బోగీల పని నేర్చుకు రమ్మని ముగ్గురు ఆఫీసర్లను హంగేరీ పంపుతూ, చేతిపని తెలిసినవాడు ఒకడుండాలని ఆయన్నీ కలిపారు. మూడు వారాలుండి వచ్చాడు. ఆయన అప్పట్లో ఉండే ట్రాఫిక్ రైల్వే క్వార్టర్లలో అంతకుముందు విమానమెక్కిన తెలుగు కార్మికుడు లేడు. వచ్చిన సాయంత్రం ఇంటిముందు జనం మూగారు.

"ఏటి సూసినావు? ఏటి తిన్నావు? ఏటి తాగినావు?"

మొదటి రెండింటికీ జవాబు చెప్పేసరికే జనం ఆవలించడం మొదలుపెట్టారు. మూడోదానికి నూకరాజు, "ఎద్దు రక్తం తాగినాను" అన్నాడు. ఆవలింతలు ఆగిపోయాయి.

అది నిజం రక్తం కాదు, ఎర్ర వైన్‌కి అక్కడివాళ్ళు పెట్టుకున్న పేరు. కొండ తొలిచి కట్టిన నేలమాళిగలో, పీపాల మధ్య కూర్చుని పన్నెండు గ్లాసులు తాగాననీ, ఇస్త్వాన్ అనే ఆరడుగుల వస్తాదు తనతో పందెం కట్టి బల్ల కిందికి జారిపోయాడనీ నూకరాజు చెప్పాడు. తరవాత్తరవాత గ్లాసులు పెరిగాయి. రిటైరయ్యే నాటికి ఇరవై రెండయ్యాయి. అంత తాగిన మనిషి ఇక్కడ చుక్క ముట్టడేమని ఎవరైనా అడిగితే, "ఆ రుసి మరిగిన నోటికి ఇక్కడి సరుకు ఎక్కదురా" అనేవాడు.

హంగేరీ నుంచి ఆయన ఒక దీవెన కూడా తెచ్చుకున్నాడు. తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళలో అక్షింతలు వేసే వేళకి ఎవరో ఒకరు, "నూకరాజుబాబూ, ఆ హంగేరీది ఒకపాలి అనండి" అనేవాళ్ళు. ఆయన లేచి, చెయ్యెత్తి, కంచుగొంతుతో అనేవాడు: "కేరెం విద్యాజానక్! అజైతోక్ జారోద్నక్!"

అర్థమేమిటని అడిగితే, "సేమంగా ఎల్లండి, సల్లగా ఉండండి అని" అనేవాడు. ఒక పెళ్ళిలో పురోహితుడుగారు మరో అడుగు ముందుకేసి, "విద్యాజనక అంటే విద్యను పుట్టించేది. అజేయ శబ్దం కూడా వినిపిస్తోంది. మన సంస్కృతం ఎంతదూరం వెళ్ళిందో చూశారా!" అన్నారు. అప్పటినుంచి అక్షరాభ్యాసాలకి కూడా పిలుపులు వచ్చాయి.

అలా నడిచిపోతున్న జీవితంలోకి ఒక బుధవారం పొద్దున చరిత వచ్చింది. ఝపటాపూర్‌లో కిరాణా కొట్టు పెట్టుకున్న బాలసుబ్రహ్మణ్యం రెండో కూతురు. ఊళ్ళోనే ఇందా పేటలో కొత్తగా కట్టిన హోటల్లో విందులు, సభలు ఏర్పాటుచేసే ఉద్యోగం.

"పెదనాన్నగారూ, మీరే నన్ను గట్టెక్కించాలి" అంది, కుర్చీలో కూర్చోకుండానే. "శనివారం సాయంత్రం మా హోటల్లో వైన్ టేస్టింగ్. అన్నీ ఒక్క హంగేరీ వైన్లే. కలకత్తా నుంచి సాన్యాల్‌గారని ఒకాయన తెస్తారు. ఇరవై మందిని కూర్చోబెట్టి ఒక్కొక్కటీ రుచి చూపించి, దాని సంగతులు చెప్తారు. మా ఊళ్ళో హంగేరీ వెళ్ళి తాగొచ్చిన పెద్దమనిషి ఉన్నారని నోరు జారాను. ఆయన ఎగిరి గంతేశారు. మీరే ముఖ్య అతిథి."

నూకరాజు మొహం కడిగిన పలకలా అయిపోయింది. "మోకాలు నొప్పిగా ఉందమ్మా."

"కారు పంపిస్తాను."

"సుగరు కూడా ఉంది."

"ఒక్కో గుక్కే పెదనాన్నగారూ. మింగక్కర్లేదు కూడా. నోట్లో తిప్పి ఉమ్మేయొచ్చు. దానికి బకెట్లు పెడతాం."

వంటింట్లోంచి ఆయన భార్య చిలకమ్మ బయటికి వచ్చింది. ఆవిడ నూకరాజుకి మేనమామ కూతురే. "ఉమ్మీడానికి మనుసుల్ని పిలుత్తారేటి? పెద్దోలి సరదాలు పెద్దోలియి" అని, మొగుడి వైపు తిరిగింది. "ఎల్లు బావా. ముప్పై అయిదేళ్ళబట్టి ఊరందరి సెవులూ కొరికీసినావు, ఇప్పుడు మోకాలేటి? నానూ వత్తాను."

"నువ్వెందుకే?"

"ఇరవై రెండు గ్లాసులు తాగితే ఇంటికి మోసుకొచ్చీవోలు కావాల గదా."

ఆ మూడు రోజులూ నూకరాజు ఫోన్లో హిందీ వీడియోలు చూశాడు. వైన్‌ని ఎలా పట్టుకోవాలి, గ్లాసు ఎలా తిప్పాలి, ముక్కు ఎంత లోపలికి పెట్టాలి, అన్నీ చూశాడు. ఎవరూ లేనప్పుడు స్టీలు గ్లాసులో చిక్కటి టీ పోసి తిప్పి చూసుకున్నాడు. లుంగీ మీద మరకలు చిలకమ్మ చూసింది. సబ్బు తెచ్చి పక్కన పెట్టింది.

శనివారం ఆరింటికి కారు వచ్చింది. నూకరాజు రిటైర్మెంట్ సన్మానానికి కుట్టించుకున్న కోటు వేసుకున్నాడు. అయిదేళ్ళలో పొట్ట పెరిగి, కోటు ముందు వైపు కలవనంది. చిలకమ్మ ఆకుపచ్చ పట్టుచీర కట్టి, చేతిసంచీలో నాలుగు మరమరాల ఉండలు వేసుకుంది. "ఆలు ఏటి పెడతారో, ఏటో."

హాల్లో పొడుగాటి బల్లలు వేసి, తెల్లగుడ్డ పరిచారు. ఒక్కొక్కరి ముందు మూడేసి గ్లాసులు, మంచినీళ్ళు, నాలుగు ఉప్పు బిస్కెట్లు, ఇద్దరికొకటి చొప్పున మెరిసే చిన్న బకెట్టు. ఐ.ఐ.టి. మేష్టర్లు కొందరు, ఒక డాక్టరూ ఆయన భార్యా, ఇందాలో మిఠాయి కొట్టున్న దంపతులు, మరికొందరు వచ్చారు. మధ్యలో సాన్యాల్‌గారు మెడకి సీతాకోకచిలక టై కట్టుకుని నిలబడ్డారు. పొడుగాటి ముక్కు. ఆ ఉద్యోగానికి దేవుడే ఇచ్చినట్టుంది.

చరిత వాళ్ళిద్దర్నీ మొదటి వరసలో కూర్చోబెట్టి, నూకరాజు చెవిలో సంతోషంగా చెప్పింది. "పెదనాన్నగారూ, అదుగో ఆ చివర తెల్లజుట్టు ఆవిడ, నీలం కుర్తా. ఇలోనాగారు. ఈ సెమిస్టరు ఐ.ఐ.టి.లో లెక్కలు చెప్పడానికి వచ్చిన ప్రొఫెసరు. హంగేరీ ఆవిడే! మీరున్నారని చెప్తే పని మానుకుని వచ్చారు. మీతో వాళ్ళ భాష మాట్లాడాలని ఆవిడకి ఎంత ఆత్రంగా ఉందో!"

నూకరాజుకి మోకాలు ఇప్పుడు నిజంగానే నొప్పి పుట్టింది.

ఇలోనాగారు దూరం నుంచే చెయ్యూపింది. ఆయనా ఊపాడు. చిలకమ్మ అటూ ఇటూ చూసి, "ఆవిడెవులు? నీకు తెలుసా?" అంది.

"తెలీదు. ఊరుకో."

మొదటి సీసా తెల్ల వైన్. సాన్యాల్‌గారు సగం ఇంగ్లీషు, సగం బెంగాలీ కలిపి దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పారు. తరవాత గ్లాసులో ముక్కు పెట్టి కళ్ళు మూసుకున్నారు. "పచ్చి యాపిల్... వానకి తడిసిన సున్నపురాయి... కొంచెం పొగ..."

"ఈ బాబు సున్నపురాయి ఎప్పుడు నాకినాడు?" అంది చిలకమ్మ, నూకరాజుకి మాత్రమే వినపడేలా.

"దాదా, మీకేం తెలుస్తోంది?" అని సాన్యాల్‌గారు నూకరాజు దగ్గరికే వచ్చేశారు.

నూకరాజు వీడియోలో చూసినట్టు గ్లాసు కాడ పట్టుకుని తిప్పాడు. స్టీలు గ్లాసు బరువుకి అలవాటుపడ్డ చెయ్యి. ఈ గ్లాసు తేలిక. సగం వైన్ ఎగిరి డాక్టరుగారి తెల్లచొక్కా మీద పడింది. డాక్టరుగారు పెద్దమనసుతో, "ఠీక్ హై, ఠీక్ హై. తెల్లదే కదా" అన్నారు. మిగిలినదాంట్లో ముక్కు పెట్టి నూకరాజు గట్టిగా పీల్చాడు. వైన్ కొంత ముక్కులోకి పోయింది. దగ్గు ఆపుకుని, ఏదో ఒకటి చెప్పాలి కనక, తనకి తెలిసిన విషయం చెప్పాడు.

"పొగ ఉంది. కానీ ఇది స్టీమింజను పొగ కాదు. డీజిలింజను, పొద్దున్న మొదటిసారి స్టార్ట్ చేసినప్పటి పొగ."

సాన్యాల్‌గారు తన గ్లాసులో మళ్ళీ ముక్కు పెట్టారు. "వాహ్!" అన్నారు. "కరెక్ట్! ఇరవై ఏళ్ళ నుంచి ఈ వాసనకి మాట వెతుకుతున్నాను!" జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు. హాలంతా డీజిల్ కోసం గ్లాసులు వాసన చూసింది. మిఠాయి కొట్టాయన తనకీ తెలుస్తోందన్నాడు.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. కానీ నూకరాజుకి ధైర్యం వచ్చేసింది. కోటు ముందుకి లాక్కుని వెనక్కి వాలి కూర్చున్నాడు.

రెండో సీసా ఎర్రది. పేరు చెప్పగానే మిఠాయి కొట్టాయన భార్య గ్లాసు దూరంగా తోసేసింది. "ఎద్దు రక్తమా? ఛీ ఛీ!"

"పేరు మాత్రమే దీదీ" అని సాన్యాల్‌గారు కంగారుగా సర్దిచెప్పారు. పూర్వం ఒక కోటను శత్రువులు ముట్టడిస్తే, లోపలి సైనికులు ఎర్ర వైన్ తాగి గడ్డాలు తడుపుకుని యుద్ధానికి దిగారట. ఆ ఎరుపు చూసి, వీళ్ళు ఎద్దు రక్తం తాగి వచ్చారురా బాబూ అని శత్రువులు పారిపోయారట. అదొక కథ. "అయితే ఆ ఊళ్ళోనే, ఆ నేలమాళిగలోనే తాగిన మనిషి మన మధ్య ఉన్నారు. దాదా, రెండు ముక్కలు!"

చప్పట్లు మోగాయి. నూకరాజు లేచాడు. హిందీలో మొదలుపెట్టాడు. ఇలోనాగారి పక్కనున్న మేష్టరు ఆవిడకి ఎప్పటికప్పుడు ఇంగ్లీషులో చెప్పాడు. కొండ, మాళిగ, పీపాలు, వస్తాదు ఇస్త్వాన్, అన్నీ వరసగా వచ్చాయి. ముప్పై అయిదేళ్ళుగా చెప్తున్న కథ కాబట్టి ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో ఆయనకి తెలుసు. ఇస్త్వాన్ బల్ల కిందికి జారిపోయే చోట డాక్టరుగారు కూడా బల్ల చరిచి నవ్వారు.

అప్పుడు ఇలోనాగారు చెయ్యెత్తి ఇంగ్లీషులో అడిగింది. "ఎవరి మాళిగ అది? మా అమ్మమ్మది ఆ ఊరే. నాకు అక్కడ అందరూ తెలుసు."

నూకరాజు కోటు సర్దుకున్నాడు. పేరు చెప్తే దొరికిపోతాడు, చెప్పకపోయినా దొరికిపోతాడు. పెళ్ళిపందిట్లో ఇలాంటి ఇబ్బంది వచ్చినప్పుడల్లా గట్టెక్కించింది ఒక్కటే. ఆయన గ్లాసు పైకెత్తాడు.

"ముందు మీ భాషలో దీవెన! కేరెం విద్యాజానక్! అజైతోక్ జారోద్నక్!"

ఇలోనాగారి కనుబొమలు పైకి లేచాయి. "మళ్ళీ అనండి?"

నూకరాజు ఇంకా గట్టిగా అన్నాడు. ఆవిడ చేత్తో నోరు మూసుకుంది. భుజాలు కదులుతున్నాయి. మాతృభాష విని ఆవిడకి ఏడుపొచ్చిందనుకున్నారు సాన్యాల్‌గారు. ఆయన గుండె కరిగిపోయింది. "అందరూ లేవండి! మన అతిథి గౌరవార్థం అందరం కలిసి అందాం!" అన్నారు.

ఇరవై మందీ లేచి, గ్లాసులెత్తి, మేష్టర్లూ డాక్టరూ మిఠాయి కొట్టు దంపతులూ ఒక్క గొంతుతో, "కేరెం విద్యాజానక్! అజైతోక్ జారోద్నక్!" అని హాలు అదిరిపోయేలా అన్నారు.

ఇలోనాగారు కుర్చీలో కూలబడింది. కళ్ళజోడు తీసేసి, బల్లమీద తల పెట్టి, వెక్కి వెక్కి నవ్వింది. చరిత పరిగెత్తి నీళ్ళిచ్చింది. ఆవిడ ఒక గుక్క తాగి, లేచి, కళ్ళు తుడుచుకుంటూ, ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది.

"క్షమించండి. ఇది మా బుడాపెస్ట్ మెట్రో రైల్లో ప్రతి స్టేషన్లోనూ వినిపించే మాట. దయచేసి జాగ్రత్త, తలుపులు మూసుకుంటున్నాయి."

ముందు డాక్టరుగారి భార్య కిసుక్కుమంది. అంతే, హాలు హాలంతా పగిలిపోయింది. ఒక మేష్టరు బకెట్టు పట్టుకుని మరీ నవ్వాడు. ఇంగ్లీషు అర్థంకాని చిలకమ్మ చరిత చెయ్యి పట్టి లాగింది. చరిత పెదాలు కొరుక్కుంటూ తెలుగులో చెప్పింది.

చిలకమ్మ నవ్వలేదు. వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలెట్టింది. "మోహనకృష్ణ పెళ్ళి. మీనాకుమారి పెళ్ళి. విజయ్‌కుమార్ కొడుకు అక్షరాభ్యాసం. మొన్న వైశాకంలో ఆమని పెళ్ళి... ఓలమ్మో! ఈలందరికీ తలుపులు మూసుకుంతన్నాయి, జాగర్త అని సెప్పినావా బావా?"

నూకరాజు గ్లాసు కింద పెట్టాడు. చెవులు ఎద్దు రక్తం కన్నా ఎర్రగా అయ్యాయి. హిందీ వదిలేసి తెలుగులోకి దిగిపోయాడు. చరిత పక్కన నిలబడి ఇంగ్లీషులో చెప్తూ వచ్చింది.

"నాకు తెలీదమ్మా. దేవుడి తోడు. ఫేట్రీ ఊరి సివర. రోజూ ఆ రైల్లోనే ఎల్లీవోలం. రైలు కదిలే ముందు ఆ మాట వినపడీది. పెతీ టేసన్లో. పెయానం సేమంగా జరగాలని దీవిత్తన్నారనుకున్నాను. మన రైల్లో ఇలగ ఎవులంటారు, ఎంత మంచి దేశం అనుకున్నాను. బట్టీ పట్టినాను."

"తప్పేం అనుకోలేదు మీరు" అంది ఇలోనాగారు. "చెయ్యి తలుపులో పడకుండా చూసుకోమనడం కూడా క్షేమం కోరడమే." ఈసారి ఆవిడ నవ్వు మెత్తగా ఉంది. "మరి ఆ మాళిగ?"

నూకరాజు ఒకసారి చిలకమ్మ వైపు చూశాడు. ఒక అబద్ధం జారాక రెండోదాన్ని పట్టుకుని వేలాడటం ఆయన వల్ల కాలేదు.

"మాళిగలోకి నాను దిగనేదు" అన్నాడు. "ఆపీసర్లు ముగ్గురూ దిగినారు. ఆ రోజు ఓటలు కాళీ సేసి వచ్చీసినాం, సామానంతా వేనులో ఉంది. వేను తాళం పాడైపోనాది. 'నూకరాజూ, సామాను సూసుకో, పది నిమిసాల్లో వచ్చీతాం' అన్నారు. మూడు గంటలైంది. బయట సలి. నానూ, డ్రైవరూ."

హాల్లో నవ్వు తగ్గింది.

"ఆ డ్రైవరు పేరే ఇస్త్వాను. వస్తాదు కాదు, నాకన్నా పొట్టోడు. బండి తోలాల గదా, ఆడూ తాగనేదు. ఆ వైను కతలన్నీ ఆడే సేతుల్తో సైగలు సేసి సెప్పినాడు. ఆకలేసింది. ఆడు రొట్టె తీసినాడు, ఉల్లిపాయ తీసినాడు, ఇంతేసి మిరపకాయ తీసినాడు. నాను నా సంచీలోంచి గోంగూర సీసా తీసినాను."

చిలకమ్మ తల ఒక్కసారి ఇటు తిరిగింది. "ఏ గోంగూర?"

"నువ్వు కట్టిచ్చిందే. పండుమిరపకాయలేసి రోట్లో నూరినావు. ఆడు ఏలెట్టి నాకినాడు. మొహం ఎర్రగైపోనాది, కళ్ళమ్మట నీళ్ళు. సచ్చిపోతాడేమోనని నాను బయపడిపోనాను. మల్లీ ఏలెట్టినాడు. మల్లీ ఏడిసినాడు. ఆపీసర్లు వచ్చీసరికి సీసా కాళీ. అడుగున రొట్టెముక్కతో తుడిసి మరీ తిన్నాడు. కాళీ సీసా కూడా ఇయ్యనేదు, కోటు జేబులో ఎట్టీసుకున్నాడు."

చిలకమ్మ లేచి నిలబడింది. పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుని, ఇరవై మంది ముందూ మొగుణ్ణి నిలదీసింది.

"మరి ఈ మాట ఇన్నాళ్ళూ ఏల సెప్పనేదు?"

"ఏటి సెప్పుకుంటాను? అందరూ లోపల తాగతంటే నాను బయట పెట్టెలు కాసినానని సెప్పుకోమంటావా?"

"పెట్టెల మాటెవులికి కావాల! నా గోంగూర దేశాలు దాటెల్లింది. తెల్లోడు ఏడుత్తా తిన్నాడు. ఇంటికొచ్చి ఎద్దు రక్తం, ఎద్దు రక్తం అని ఊదరగొట్టినావు గానీ, ఒక్కపాలి, ఒక్కపాలైనా గోంగూర అన్నావా? అత్త బతికున్నన్నాళ్ళూ నా పచ్చట్లో ఉప్పెక్కువని సాధించింది గదా. ఆవిడి ముందు ఒక్క ముక్క అనుంటే నా బతుకెలగుండును!"

చరిత ఇదంతా ఇంగ్లీషులో చెప్పడానికి కష్టపడింది. "ఉప్పు... అత్తగారు..." అని తడబడింది. అయినా డాక్టరుగారి భార్యకి అర్థమైపోయినట్టుంది. ఆవిడ గట్టిగా తలూపి, తన భర్త వైపు ఒక చూపు చూసింది.

నూకరాజు ముప్పై అయిదేళ్ళుగా ఎవరికీ తెలియకూడదని దాచుకున్న సంగతి ఇది. బయటపడితే ఊరు నవ్వుతుందని అనుకున్నాడు, భార్య చులకన చేస్తుందని అనుకున్నాడు. ఆవిడ పచ్చడి గురించి దెబ్బలాడుతుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. ఎందుకో గుండెల మీద నుంచి పెట్టెలు దింపినట్టనిపించింది.

ఇలోనాగారు లేచి వచ్చి చిలకమ్మ చెయ్యి పట్టుకుంది. "మా వాళ్ళకి మిరపకాయంటే ప్రాణం. ఒక హంగేరీవాడు ఖాళీ సీసా జేబులో పెట్టుకున్నాడంటే, అది సామాన్యమైన పచ్చడి కాదు. ఆ మాళిగలో తాగినవాళ్ళు ఇప్పటికి ఏం తాగారో మర్చిపోయి ఉంటారు. ఆ డ్రైవరు మర్చిపోయి ఉండడు."

చరిత ఈసారి తడబడకుండా తెలుగులో చెప్పింది. చిలకమ్మ కూర్చుంది. సంచీలోంచి మరమరాల ఉండ తీసి ఇలోనాగారి చేతిలో పెట్టింది.

సాన్యాల్‌గారు గొంతు సవరించుకున్నారు. తన కార్యక్రమం తన చేతుల్లో లేదని ఆయనకి తెలిసిపోయింది. "చివరిది... తీపి వైన్. బంగారు రంగు చూడండి. ద్రాక్ష తీగ మీదే బూజు పట్టి, కుళ్ళి, ఎండిపోయాక ఏరి, దాంతో చేస్తారు."

"కుళ్ళిపోనియా?" అంది చిలకమ్మ, చరిత చెప్పగానే. "అయి పారబొయ్యాల గదా!"

"ఒక్క చుక్క చూడండి పెద్దమ్మా."

చిలకమ్మ ముందు వాసన చూసింది. తరవాత నాలిక తడిపింది. గ్లాసు ఎత్తి ఒక్క గుక్కలో తాగేసింది. పక్కనున్న నూకరాజు గ్లాసు కూడా తీసుకుని తాగింది. "నీకు సుగరు" అంది. డాక్టరుగారి భార్య ముట్టని గ్లాసు మీద చూపు పడితే, ఆవిడే మర్యాదగా ఇటు జరిపింది.

"దీదీ, ఏం రుచి తెలిసింది?" అని సాన్యాల్‌గారు పుస్తకం తెరిచారు. ఆయన గొంతులో ఇప్పుడు భక్తి ఉంది.

చిలకమ్మ ఆలోచించింది. "తేనె. పనసతొన. ఆఖర్ని..." కళ్ళు మూసుకుంది. "మామిడితాండ్ర ఎండెట్టిన సాప ఉంటాది సూడు. తాండ్ర తీసీసినాక ఆ సాప. ఆ వాసన."

సాన్యాల్‌గారు "చాప" అన్న మాటకి స్పెల్లింగు అడిగి రాసుకున్నారు. ఆ చివరి సీసా దగ్గర బకెట్లు ఎవరికీ అవసరం పడలేదు.

ఎనిమిదింటికి అంతా ముగిసింది. హోటల్ కారు సాన్యాల్‌గారిని కలకత్తా రైలెక్కించడానికి స్టేషనుకి వెళ్ళిపోవడంతో, చరిత వాళ్ళిద్దర్నీ టోటో ఎక్కించింది. కొంత దూరం చిలకమ్మ రోడ్డు కేసే చూస్తూ కూర్చుంది. ఇంకా కోపంగా ఉందనుకుని నూకరాజు ఓ మూలకి ఒదిగి కూర్చున్నాడు. రోడ్డు మలుపు దగ్గర ఆవిడ ఆయన కోటు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"బావా, ఈ టోటో తిన్నగానే ఎల్తందా?"

"తిన్నగానే ఎల్తంది."

"అయితే రోడ్డు వంకర" అని తేల్చేసి, ఆయన భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ఇంటి దగ్గర దింపుకోవడానికి టోటో దాదా ఒక పక్క, నూకరాజు ఒక పక్క పట్టుకోవలసి వచ్చింది.

తెల్లారేసరికి విషయం ఝపటాపూర్ దాటి ట్రాఫిక్ క్వార్టర్ల దాకా పాకింది. చరిత ఎవరికీ చెప్పలేదని ఒట్టేసింది. మిఠాయి కొట్టాయన మాత్రం సింఘారా సమోసాలతో పాటు అందరికీ వడ్డించాడు. మొదటి ఫోను ఆమని తండ్రిది. "ఏరా నూకరాజూ, మా పిల్లకి తలుపులు మూసుకోమన్నావట?" అని కోప్పడబోయి, మధ్యలో తనే నవ్వు ఆపుకోలేక పెట్టేశాడు. రెండో ఫోను మోహనకృష్ణది. పెళ్ళయి పన్నెండేళ్ళయింది, ఆ మాట ముందే తెలుగులో చెప్పుంటే జాగ్రత్తపడేవాణ్ణి కదా బాబాయ్ అన్నాడు. మూడోసారి ఫోను మోగితే నూకరాజు దాన్ని బియ్యం డబ్బాలో పెట్టి మూతపెట్టాడు.

చిలకమ్మ తొమ్మిదింటికి లేచింది. తలకి తడిగుడ్డ చుట్టుకుని, కత్తిపీట ముందు కూర్చుని, బెండకాయలు ముందు పోసుకుంది.

"బావా, ఇటు రా. కూకో."

ఆయన వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు.

"హంగేరీ సంగతి మొదట్నుంచీ సెప్పు. ఏటైందో అదే సెప్పు. వస్తాదులూ గిస్తాదులూ వద్దు."

"అందులో ఏటీ లేదే. ఉత్త పని."

"నాకు పనే కావాల. బయల్దేరిన కాడ్నుంచి సెప్పు."

నూకరాజు ఒక బెండకాయ తీసుకుని వేళ్ళ మధ్య తిప్పాడు. ముప్పై అయిదేళ్ళు ఒకే కథ చెప్పీ చెప్పీ, నిజంగా జరిగింది ఎక్కడో అడుగున పడిపోయింది. మెల్లగా పైకి వచ్చింది.

"దిల్లీలో విమానమెక్కినామా. ఒక పిల్లొచ్చి నడుముకి బెల్టు కట్టింది. ఎలగ కడతారో సూపింది గానీ, ఎలగ ఇప్పాలో సూపనేదు. ఇప్పొచ్చనీ సెప్పనేదు. ఇప్పితే పడిపోతాననుకున్నాను."

"మరి?"

"కూకున్నాను. అలాగే."

"ఎంతసేపు?"

"మాస్కో వొరకూ."

చిలకమ్మ చేతిలో బెండకాయ ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మరి ఒంటేలుకో?"

"అదే సెప్తన్నాను గదే, ఉండు" అన్నాడు నూకరాజు, కాళ్ళు బారజాపుకుని.